క్లాన్‌లోకి కొత్తవాళ్ళని చూసి తీసుకోవడం ఎలా: క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో క్లాన్ నడిపేవాళ్ళకి

రాత్రి రెండు దాటింది. సంక్రాంతికి సగం మంది ఊళ్ళకి వెళ్ళారు, మిగతావాళ్ళు నిద్రలో ఉన్నారు. పన్నెండు రోజుల ముందు మా క్లాన్‌లో (క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే మొబైల్ ఆటలో కలిసి ఆడే జట్టు) చేరిన ఒకతను, మూడు వార్లలో, అంటే ఇంకో క్లాన్‌తో జరిగే పోటీల్లో, ఆరు దాడులకి ఆరూ త్రీ స్టార్ కొట్టాడని (ఎదుటివాడి బేస్, అంటే ఆటలో కట్టుకున్న ఊరు, పూర్తిగా కూల్చాడని) మేం ముచ్చటపడి లీడర్ తర్వాతి హోదా అయిన కో-లీడర్ ఇచ్చినవాడు, ఒక్కొక్కరినీ క్లాన్‌లోంచి తీసేయడం మొదలుపెట్టాడు. కువైట్‌లో నైట్ డ్యూటీలో ఉన్న ఇంకో కో-లీడర్ చాట్‌లో పేర్లు వరసగా ఎగిరిపోతుంటే చూస్తూనే ఉన్నాడు, ఏమీ చెయ్యలేకపోయాడు. ఎందుకంటే ఒక కో-లీడర్ ఇంకో కో-లీడర్‌ని తీయలేడు, కింది హోదాకి దించలేడు. అది లీడర్ ఒక్కడి చేతిలోనే ఉంటుంది. లీడర్‌ని నేను. నా ఫోన్ సైలెంట్‌లో ఉంది. పొద్దున లేచేసరికి 46 మందిలో 13 మంది మిగిలారు.

చాలామంది తిరిగొచ్చారు, కొందరు రాలేదు. మూడేళ్ళు మాతో ఆడిన ఒకమ్మాయి "నన్నెందుకు తీశారు అన్నా, నేనేం తప్పు చేశాను" అని మెసేజ్ పెట్టింది, అంతా వివరంగా చెప్పినా ఆమె మనసు మళ్ళీ మునుపటిలా కాలేదు.

ఆ వారమే కూర్చుని కొత్తవాళ్ళని తీసుకునే పద్ధతి మొత్తం మార్చాం. అప్పటిదాకా ఎంత బాగా ఆడతాడనే చూశాం, చెప్పిన మాట మీద ఉంటాడా లేదా అని ఒక్కసారీ చూడలేదు. దాడి చెయ్యడం ఎవరికైనా రెండు నెలల్లో నేర్పొచ్చు, మాట మీద ఉండటం నేర్పలేం, అది ఉందో లేదో కనిపెట్టి తీసుకోవాల్సిందే. కింద రాసేదంతా అది కనిపెట్టడానికే. వేరే ఆటలో గిల్డ్ నడుపుతున్నా చాలావరకు పనికొస్తుంది, కాకపోతే నాకు బాగా తెలిసిన ఆటనే పట్టుకుని చెప్తాను.

ముందు మీకేం కావాలో రాసుకోండి

ఎవర్నీ పరీక్షించకముందే ఫోన్‌లో ఒక నోట్ తెరిచి మీ క్లాన్ ఎలాంటిదో నాలుగు ముక్కల్లో రాయండి. వారానికి ఎన్ని వార్లు ఆడతారు, వార్ లీగ్‌లో (ఏడు రోజుల వార్ పోటీ) 15 మందితో దిగుతారా 30 మందితోనా, రెయిడ్ వీకెండ్‌లో (శుక్రవారం నుంచి సోమవారం దాకా క్లాన్ అంతా కలిసి చేసే దాడులు) అందరూ దాడులు పూర్తి చెయ్యాలా, ఇంటర్మీడియట్ పిల్లలు, ఉద్యోగస్తులు కలిసి ఉండే క్లానా లేక పోటీకే పుట్టిన క్లానా. ఇది తేల్చకుండా పక్క క్లాన్ వాడు టౌన్ హాల్ (బేస్‌లో ముఖ్య భవనం, ఎంత ఎదిగాడో దాని స్థాయే చెప్తుంది) 16 పైన వాళ్ళనే తీసుకుంటున్నాడని మీరూ అదే పెడితే, సాయంత్రం గంటసేపు సరదాగా ఆడుకునే మీవాళ్ళ మధ్యకి రోజూ వార్ కావాలనేవాడు వస్తాడు, నెల తిరక్కుండా ఇద్దరికీ పడదు. అందులో తప్పు అతనిది కాదు, మీరు ముందు చెప్పలేదు.

రాసుకున్నదాంట్లో గట్టి నియమాలు మూడుకి మించొద్దు. మావి ఇవి: వార్‌లో పేరు ఉంటే రెండు దాడులూ చెయ్యాలి, రానప్పుడు ముందు చెప్పాలి, చాట్‌లో ఎవర్నీ తిట్టకూడదు. మిగతావన్నీ సర్దుకోవచ్చు. ఈ మూడూ క్లాన్ వివరణలో తెలుగులోనే, చిన్న చిన్న మాటల్లో పెట్టండి. పదిహేను నియమాలు పెడితే ఎవరూ చదవరు, మీకే గుర్తుండవు.

తలుపు దగ్గర మనిషిని పెట్టండి

క్లాన్ సెట్టింగ్స్‌లో ఎవరైనా చేరొచ్చు అని ఉంటే వెంటనే మార్చి, అడిగాక మనం ఒప్పుకుంటేనే చేరేలా పెట్టండి. క్లాన్‌లో పట్టేదే 50 మంది, ఒక్కో సీటూ విలువైందే. టౌన్ హాల్ కనీస స్థాయి కూడా అక్కడే పెట్టొచ్చు, మీ మామూలు వార్ బలం కంటే ఒకటి రెండు మెట్లు కిందకి పెడితే నేర్చుకోవాలనే మంచివాళ్ళు బయట ఉండిపోరు.

ఒక జాగ్రత్త. చేరతామని వచ్చే రిక్వెస్టుల్ని ఎల్డర్లు (కో-లీడర్ కింది హోదా వాళ్ళు) కూడా ఒప్పుకోగలరు. అందుకే ఎల్డర్లందరికీ ముందే చెప్పి ఉంచండి, "రిక్వెస్ట్ చూసి నొక్కెయ్యకండి, ప్రొఫైల్ చూసే బాధ్యత ఫలానా ఇద్దరిది" అని. మాకు ఆ ఇద్దరిలో ఒకరు విజయవాడలో ఉంటారు, ఇంకొకరు డల్లాస్‌లో, కాబట్టి ఇక్కడ అర్ధరాత్రి వచ్చిన రిక్వెస్ట్‌ని అక్కడ మధ్యాహ్నం తీరిగ్గా చూసే మనిషి ఉంటాడు.

చేరతానని పంపే చిన్న మెసేజ్‌లోనే కొంత తెలుస్తుంది. ఆట దానంతటది పెట్టే వాక్యం అలాగే వస్తే అనుమానించక్కర్లేదు, చాలామందికి మార్చొచ్చని కూడా తెలీదు. కానీ "కో ఇస్తే వస్తా" అని వస్తే అక్కడే వద్దనండి. దానికి ఇంకో ఆలోచన అవసరం లేదు.

ప్రొఫైల్ చదవడం నేర్చుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, అందరూ తొందరగా దాటేసేదీ ఇదే. ట్రోఫీలు, టౌన్ హాల్ చూసి "సూపర్ బ్రో" అనేసి తీసుకుంటారు. ట్రోఫీలు మీకు దాదాపు ఏమీ చెప్పవు, అవి అతను తన కోసం ఆడింది. క్లాన్ కోసం ఏం చేశాడో చెప్పే అంకెలు వేరే ఉన్నాయి.

మొదట వార్ స్టార్లు. టౌన్ హాల్ 15, 16 దాకా వచ్చిన అకౌంట్‌లో వార్ స్టార్లు యాభై, అరవై మాత్రమే ఉంటే ఇన్నేళ్ళూ వార్ ఆడలేదన్నమాట. ఆడకపోవడం నేరమేం కాదు, కానీ "నేను వార్ ప్లేయర్‌ని అన్నా" అని చెప్పి ఆ అంకె అలా ఉంటే మాటకీ పనికీ పొంతన లేదు, అది చూడాలి.

తర్వాత కిందకి జరిపి అచీవ్‌మెంట్లలోకి వెళ్ళండి. గేమ్స్ ఛాంపియన్ అని ఒకటి ఉంటుంది, అకౌంట్ పుట్టిన దగ్గర్నుంచి క్లాన్ గేమ్స్‌లో (క్లాన్ అంతా చిన్న చిన్న పనులు చేసి పాయింట్లు కూడబెట్టే పోటీ) సంపాదించిన పాయింట్లన్నీ అక్కడ కనిపిస్తాయి. క్లాన్ గేమ్స్ 2017 డిసెంబర్‌లో వచ్చాయి, నెలనెలా 22 నుంచి 28 దాకా నడుస్తాయి, మామూలుగా ఒక్కొక్కరికి 4,000 దాకా పరిమితి. అంటే ఆ అంకెని 4,000తో భాగిస్తే ఎన్ని నెలలు పూర్తిగా పాల్గొన్నాడో సుమారుగా తేలిపోతుంది. 80,000 ఉన్నవాడు ఇరవై నెలలు నిలకడగా నలుగురితో కలిసి పనిచేశాడు. నాకు ఆ ఒక్క అంకె వంద త్రీ స్టార్ల కంటే ఎక్కువ నమ్మకం ఇస్తుంది. అదే పద్ధతిలో ఫ్రెండ్ ఇన్ నీడ్ చూడండి, ఇప్పటిదాకా ఇతరులకి ఎంత సైన్యం ఇచ్చాడో అందులో ఉంటుంది. పైన కనిపించే ఇచ్చిన, తీసుకున్న లెక్క ఈ సీజన్‌ది మాత్రమే, సీజన్ మారగానే సున్నా అవుతుంది, దాన్ని పట్టుకుని ఎవర్నీ తీసిపారేయకండి.

హీరోల (ఆటలోని ప్రత్యేక యోధులు) స్థాయి, గోడలు, ల్యాబ్ (సైన్యాన్ని మెరుగుపరిచే చోటు) చూసి బేస్ తొందరపడి పెంచాడా అన్నది తెలుసుకోవచ్చు. రష్ చేసిన బేస్ అనగానే చాలామంది లీడర్లు మొహం చిట్లిస్తారు, నేను ఒప్పుకోను. మా క్లాన్‌లో ఇప్పుడు అందరికంటే నమ్మకమైన కుర్రాడు వచ్చినప్పుడు టౌన్ హాల్ 13, హీరోలేమో 10 స్థాయివి. "తెలీక పెంచేశాను అండీ, ఇప్పుడు ఆగి సరిచేసుకుంటున్నాను" అన్నాడు, చెప్పినట్టే ఎనిమిది నెలలు టౌన్ హాల్ ముట్టుకోలేదు.

ఇక ఎన్ని క్లాన్లు మారాడో చూడాలి. ఆట పేరు పక్కన హాష్ గుర్తుతో మొదలయ్యే ట్యాగ్ ఉంటుంది, పేరు మార్చుకోవచ్చు గానీ ట్యాగ్ మారదు. ఆ ట్యాగ్‌ని క్లాష్ ఆఫ్ స్టాట్స్ లాంటి సైట్లలో పెడితే, వాళ్ళ దగ్గర రికార్డయినంత మేరకు ఏ క్లాన్‌లో ఎన్నాళ్ళు ఉన్నాడో వస్తుంది. నెలకి ఆరేడు క్లాన్లు, ఒక్కోదాంట్లో మూడేసి రోజులు అని కనిపిస్తే అది హాపర్. అతను ఎప్పుడు వచ్చాడో కూడా గమనించండి. సరిగ్గా శుక్రవారం మధ్యాహ్నం రెయిడ్ వీకెండ్ మొదలవ్వగానే వచ్చి సోమవారం మాయమయ్యేవాళ్ళు, 22న వచ్చి 28 తర్వాత కనపడనివాళ్ళు ఉంటారు, వాళ్ళకి కావాల్సింది మెడల్సూ బహుమతులూ మాత్రమే. కానీ ఈ చరిత్ర చూసి వెంటనే తీర్పు చెప్పకండి, కారణం అడగండి. ఒకసారి ఒకాయన నలభై రోజుల్లో తొమ్మిది క్లాన్లు మారినట్టు కనిపించింది. అడిగితే, తన పాత క్లాన్ లీడర్ ఆట మానేస్తే ఉన్నవాళ్ళంతా చెల్లాచెదురై, అందరికీ కలిపి చోటు దొరికే క్లాన్ కోసం వెతుకుతున్నామని చెప్పాడు. నలుగురు వచ్చారు, నలుగురూ ఇప్పటికీ ఉన్నారు.

మాట్లాడండి, ఇంటర్వ్యూ చెయ్యకండి

ప్రొఫైల్ బాగుంటే చేర్చుకుని, చాట్‌లో గానీ డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో గానీ పది నిమిషాలు మాట్లాడండి. ప్రశ్నల పట్టిక పంపి నింపి పంపమంటే అందరూ మీకు నచ్చే జవాబులే రాస్తారు, మామూలుగా మాట్లాడితేనే మనిషి తెలుస్తాడు. నేను అడిగేవి దాదాపు ఇవే. పాత క్లాన్‌లోంచి ఎందుకొచ్చారు? మీరు రోజులో ఏ టైమ్‌కి ఆన్‌లైన్ ఉంటారు? ఈమధ్య చెడిపోయిన ఒక దాడి గురించి చెప్పండి, ఎక్కడ తేడా కొట్టింది?

మొదటి ప్రశ్నకి జవాబు వినేటప్పుడు చెవులు రిక్కించండి. "వాళ్ళు వార్ తగ్గించారు, నాకు ఇంకా ఆడాలని ఉంది" అంటే అది కారణం. "అందరూ వేస్ట్ గాళ్ళు బ్రో, ఎవడికీ ఆట రాదు" అంటే రెండు నెలల తర్వాత ఇంకో క్లాన్‌లో మీ గురించీ అదే చెప్తాడు.

మూడో ప్రశ్న నాకు బాగా ఇష్టం. మొన్న ఒక కుర్రాడు ఇలా చెప్పాడు: "అన్నా, పక్క భవనాలు సరిగ్గా క్లియర్ చెయ్యకుండానే క్వీన్‌ని (హీరోల్లో ఒకటి) వదిలాను, ఆమె లోపలికి పోకుండా బేస్ చుట్టూ తిరిగింది, అక్కడే పోయింది. ఇప్పుడు ముందు రెండు మూలల్లో బేబీ డ్రాగన్లు వదిలి దారి చేసుకుంటున్నా." ఇతను తన తప్పు తను చూసుకోగలడు, దాని గురించి సిగ్గుపడకుండా మాట్లాడగలడు. ఇలాంటి జవాబు వింటే నేను సగం నిర్ణయం అక్కడే తీసుకుంటాను. "నా దాడి ఎప్పుడూ ఫెయిల్ అవ్వదు" అనేవాడితోనే కష్టం.

టైమ్ సంగతి ఖచ్చితంగా తేల్చుకోండి. వార్ అంటే 23 గంటలు సన్నాహం, 24 గంటలు యుద్ధం. మనం రాత్రి 9కి మొదలుపెడితే మర్నాడు రాత్రి 8కి దాడులు తెరుచుకుంటాయి. కువైట్‌లో ఉన్నవాళ్ళకి అప్పుడు సాయంత్రం ఐదున్నర, డల్లాస్ వాళ్ళకి ఎండాకాలంలో పొద్దున తొమ్మిదిన్నర, ఆఫీసు టైమ్. ఎవరు ఎప్పుడు దాడి చెయ్యగలరో తెలిస్తే చివరి గంటలో ఫోన్లు చేసుకునే టెన్షన్ ఉండదు. "నాకు ఈఏపీసెట్ ఉంది, అప్పటిదాకా వార్‌లో వద్దు, డొనేషన్ (వేరేవాళ్ళకి సైన్యం ఇవ్వడం) మాత్రం చేస్తా" అని ముందే చెప్పే పిల్లల్ని కళ్ళు మూసుకుని తీసుకోండి, ప్రొఫైల్‌లో వార్‌కి రెడీ కాదని ఎర్రగా పెట్టుకోమని చెప్పండి చాలు.

అడక్కూడనివి కూడా ఉన్నాయి, వీటి మీద నేను చాలా పట్టుదలగా ఉంటాను. ఇంటిపేరు అడగొద్దు. మనవాళ్ళలో ఇంటిపేరు ఎందుకడుగుతారో అందరికీ తెలుసు, ఆటలోకి ఆ సంగతి రానివ్వకండి. ఏ సినిమా హీరో ఫ్యాన్, ఏ పార్టీ అని అడగొద్దు, ఆ రెండిటి వల్లే విడిపోయిన తెలుగు క్లాన్లు నాకు తెలిసి నాలుగున్నాయి. ఆడపిల్ల అని తెలియగానే "నిజమేనా, వాయిస్ పెట్టు, ఫొటో పెట్టు" అనడం అస్సలు కుదరదు. మీ ఎల్డర్లలో ఎవరైనా అలా అడిగితే వాళ్ళని కూర్చోబెట్టి చెప్పాల్సిన బాధ్యత మీదే, రెండోసారి జరిగితే హోదా తీసేయాలి. చాలామంది అమ్మాయిలు అబ్బాయి పేర్లతో ఆడేది ఈ గొడవ పడలేకే.

ఫోన్ నంబర్ అడక్కండి. వాట్సాప్ గ్రూప్ పెడితే చేరినవాళ్ళందరి నంబర్లూ అందరికీ కనపడతాయి, నిన్న వచ్చినవాడికి కూడా. అందుకే మేం డిస్కార్డ్‌కి మారాం. డిస్కార్డ్‌కి కనీస వయసు 13 ఏళ్ళు, అంతకంటే చిన్నపిల్లలని అనిపిస్తే ఆట చాట్‌లోనే ఉండనివ్వండి, పెద్దవాళ్ళెవరూ వాళ్ళతో విడిగా ప్రైవేట్ మెసేజీలు పెట్టుకోకూడదని గట్టి నియమం పెట్టండి.

అకౌంట్ అతనిదేనా

అకౌంట్లు అమ్ముకోవడం, కొనుక్కోవడం ఆట నిబంధనలకి విరుద్ధం, అయినా జరుగుతూనే ఉంటుంది. కొన్న అకౌంట్‌ని అసలు యజమాని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, అప్పుడు మీ కో-లీడర్ స్థానంలో ముక్కూమొహం తెలీని మనిషి కూర్చుంటాడు.

డిస్కార్డ్ వాడేవాళ్ళకి దీనికి సులువైన దారి ఉంది. ఆట సెట్టింగ్స్‌లో మోర్ సెట్టింగ్స్‌కి వెళ్ళి కిందకి జరిపితే ఏపీఐ టోకెన్ అనే ఒక కోడ్ కనపడుతుంది. దాన్ని క్లాష్‌పెర్క్ లాంటి బాట్‌కి (డిస్కార్డ్‌లో దానంతటదే పనిచేసే ప్రోగ్రాం) ఇస్తే ఈ అకౌంట్ ఇతని చేతిలోనే ఉందని తేలిపోతుంది. ఆ టోకెన్‌తో ఎవరూ అకౌంట్‌లోకి వెళ్ళలేరు, అయినా దాన్ని అందరూ చూసే చాట్‌లో పెట్టించకండి, నేరుగా బాట్‌కే ఇవ్వమనండి. అదే ఆటలోకి లాగిన్ అయ్యే సూపర్‌సెల్ ఐడీకి మెయిల్‌లో వచ్చే ఆరంకెల కోడ్ సంగతి పూర్తిగా వేరు, అది దొరికితే అకౌంటే పోయినట్టు. మీరు ఎవర్నీ అది అడక్కండి, కొత్తవాడికి ఆ మాట మొదటి రోజే చెప్పండి, "ఈ కోడ్ ఎవరు అడిగినా ఇవ్వకు, క్లాన్ లీడర్ని అని నా పేరుతో అడిగినా ఇవ్వకు."

ఒక ఫ్రెండ్లీ ఛాలెంజ్

చేరిన రెండో రోజో మూడో రోజో మీ బేస్ మీద ఫ్రెండ్లీ ఛాలెంజ్ పెట్టి కొట్టమనండి. ట్రోఫీలు పోవు, సైన్యం పోదు, ఎవరికీ నష్టం లేదు. ఎన్ని స్టార్లు వచ్చాయన్నది పక్కన పెట్టి, ఒక స్టార్‌తో ఆగిపోతే ఏం చేస్తాడో చూడండి. రీప్లే చూసి "ఇక్కడ ఈగిల్ ఆర్టిలరీ (బేస్‌ని కాపాడే పెద్ద ఫిరంగి) వైపు నుంచి వచ్చుంటే బాగుండేది కదా" అని మీరు ఒక సలహా ఇవ్వండి, మళ్ళీ ఛాలెంజ్ పెట్టండి. సలహా పాటించి చూస్తాడా, వాదిస్తాడా, లేక కారణం చెప్పి తన పద్ధతే మంచిదని నిరూపిస్తాడా. మూడోవాడు దొరికితే అదృష్టం. వాదన కూడా పర్లేదు, మొహం ముడుచుకుని చాట్ ఆపేసేవాడితోనే ముందు ముందు ఇబ్బంది.

పద్నాలుగు రోజులు

అసలు పరీక్ష ఇదే. కొత్తగా వచ్చినవాళ్ళకి స్పష్టంగా చెప్పండి: "పద్నాలుగు రోజులు చూసుకుందాం, మీరు మమ్మల్ని చూడండి, మేము మిమ్మల్ని చూస్తాం, నచ్చకపోతే ఎవరు వెళ్ళినా మనసులో పెట్టుకోవద్దు." ఇలా చెప్తే వాళ్ళకీ ఊపిరాడుతుంది.

ఈ రోజుల్లో ఏం చూడాలంటే, చిన్న పనులు. మొదటి వారం మామూలు వార్‌లో పెట్టండి, వార్ లీగ్‌లో పెట్టకండి. లీగ్‌లో ఏడు రోజులు, రోజుకి ఒక్కటే దాడి, ఒకడు ఎగ్గొట్టినా ఆ రోజు మొత్తం కుంటుతుంది. మామూలు వార్ అయితే 15 మందిలో ఒకడి రెండు దాడులు పోయినా సర్దుకోవచ్చు. లైనప్‌లో ఆఖరి స్థానాల్లో పెట్టి, ఫలానా నంబర్ బేస్ నీది అని చెప్పండి. చెప్పిన బేస్ కొట్టాడా? ఇంకొకరి కోసం ఉంచిన తేలిక బేస్‌ని స్టార్ల కోసం కొట్టేశాడా? కొట్టేస్తే ఒకసారి నెమ్మదిగా చెప్పండి, కొన్ని క్లాన్లలో ఎవరికి నచ్చింది వాళ్ళు కొట్టడమే అలవాటు, తెలిసి చేసిన తప్పు కాకపోవచ్చు. రెండోసారీ అదే చేస్తే విషయం తెలిసిపోయినట్టే.

రెయిడ్ వీకెండ్‌లో ఐదు దాడులు ఉంటాయి, ఒక డిస్ట్రిక్ట్‌ని (ఎదుటి క్లాన్ రాజధానిలో ఒక భాగం) పూర్తి చేస్తే ఇంకో దాడి కలుస్తుంది. రెండు దాడులు చేసి వదిలేశాడా, ఆరూ చేశాడా చూడండి. వేరేవాడు సగం కొట్టి వదిలిన డిస్ట్రిక్ట్‌ని శుభ్రం చెయ్యడానికి తన దాడి ఖర్చుపెట్టాడంటే నాకు మాత్రం అది పెద్ద విషయం, దానివల్ల అతని లెక్కలో లూట్ తక్కువ కనపడుతుంది, అయినా చేశాడు.

డొనేషన్లలో అంకె కంటే ఎవరికి ఇస్తున్నాడన్నది ముఖ్యం. చిన్న టౌన్ హాల్ పిల్లాడు హాగ్ రైడర్లు అడిగితే, అడిగినవే ఇచ్చాడా, తన దగ్గర ఉన్న ఆర్చర్లతో నింపేసి లెక్క పెంచుకున్నాడా. ఇదంతా క్లాన్ చాట్‌లో కళ్ళముందే కనపడుతుంది, రోజుకి ఐదు నిమిషాలు పైకి జరిపి చూస్తే చాలు.

దాడి ఎగ్గొడితే వెంటనే తీసేయకండి. ఎగ్గొట్టాక ఏం చేశాడో చూడండి. మా ఎల్డర్ ఒకాయన ట్రయల్‌లో ఉన్నప్పుడు రెండు దాడులూ ఎగ్గొట్టాడు. వార్ అయిపోయిన గంటకి "సారీ అండీ, నాన్నగారిని హాస్పిటల్‌లో చేర్పించాం, ఫోన్ చూడలేదు, ఈ వారం నన్ను లైనప్‌లో పెట్టకండి" అని రాశాడు. నాలుగో రోజు తనే మళ్ళీ వచ్చి రెడీ అన్నాడు. ఇంకొకడు ఒక దాడి ఎగ్గొట్టి మర్నాడు ఏమీ జరగనట్టు లూట్ కబుర్లు చెప్పాడు, మేం అడిగినా జవాబివ్వలేదు. వీళ్ళిద్దరిలో ఎవర్ని ఉంచుకోవాలో నేను చెప్పక్కర్లేదు.

ఒక్క తప్పుకి మాత్రం రెండో అవకాశం ఇవ్వకండి. కొందరు చేరిన మూడో రోజు నుంచే చాట్‌లోనో డిస్కార్డ్‌లోనో బెట్టింగ్ యాప్ లింకులు, "రోజుకి రెండు వేలు సంపాదించు" అనే గ్రూపులు పెడతారు. కొందరు క్లాన్‌లో చేరేదే దానికి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టాలు తెచ్చింది ఊరికే కాదు, ఎన్ని ఇళ్ళు మునిగాయో మనందరం చూశాం. మీ క్లాన్‌లో పాకెట్ మనీ ఉన్న పదో తరగతి పిల్లలున్నారు. లింక్ కనపడిన క్షణం తీసేయండి, ఎవరైనా అప్పటికే డబ్బు పోగొట్టుకుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమని చెప్పండి.

హోదా ఇవ్వడం

పద్నాలుగు రోజులు బాగా గడిచాయంటే మెంబర్‌గా స్థిరపడ్డట్టు, అంతే. ఎల్డర్ అంటే మర్యాదకి ఇచ్చే బిరుదులా చూస్తారు గానీ, ఎల్డర్ మామూలు మెంబర్లని తీసేయగలడు, కాబట్టి మేం రెండు నెలలు ఆగుతాం. కో-లీడర్‌కి కనీసం ఆరు నెలలు, పైగా ఉన్న కో-లీడర్లు ముగ్గురూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోతాం, కారణం కూడా అడగం. అడుగుతున్న కొద్దీ ఇంకా ఆలస్యం చేస్తాం. కో-లీడర్ కావాలని రోజూ అడిగినవాడు మంచి కో-లీడర్ అవ్వడం నేనింతవరకు చూడలేదు. లైనప్ వెయ్యడం, పిల్లలకి దాడులు నేర్పడం, గొడవ పడ్డవాళ్ళని శాంతపరచడం లాంటి పనులు హోదా లేకుండానే చేస్తున్నవాళ్ళు ప్రతి క్లాన్‌లో ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళని మీరే పిలిచి ఇవ్వండి.

పండగలకి, పెళ్ళిళ్ళ సీజన్‌కి ముందు కొత్త హోదాలు ఇవ్వకండి. అందరూ ప్రయాణాల్లో ఉంటారు, ఏం జరిగినా చూసే దిక్కుండదు.

వద్దని చెప్పడం

రిక్వెస్ట్‌ని మాట్లాడకుండా కొట్టేయొచ్చు, అది పెద్ద తప్పు కాదు. కానీ పది రోజులు మీతో ఆడినవాడిని తీసేసేటప్పుడు ఖాళీ మెసేజ్‌తో తీయకండి. తీసేముందు ఒక మాట రాసే చోటు ఆటే ఇస్తుంది, అందులో నిజం రాయండి: "రెండు వార్లలో దాడులు మిస్ అయ్యాయి, ముందు చెప్పలేదు, అందుకే. కుదిరినప్పుడు మళ్ళీ రావచ్చు." వార్ నడుస్తుండగా తీయకండి, మొదలయ్యాక ఆ స్థానంలో ఇంకొకర్ని పెట్టలేరు. అతని ఆట మీ క్లాన్‌కి సరిపోక వద్దంటే, సరిపోయే క్లాన్ పేరు ఒకటి చెప్పండి. మాకు పక్కన రెండు క్లాన్లతో ఆ ఒప్పందం ఉంది, రోజూ వార్ కావాలనేవాళ్ళని మేం అటు పంపుతాం, నెమ్మదిగా ఆడేవాళ్ళని వాళ్ళు ఇటు పంపుతారు.

చివరగా ఒక షీట్ పెట్టుకోండి, లీడర్, కో-లీడర్లు మాత్రమే చూసేలా. ట్యాగ్, వచ్చిన తేదీ, ఎవరు మాట్లాడారు, ఏమనిపించింది, వెళ్ళిన తేదీ, ఎందుకు. ఆటకి సంబంధం లేని సొంత విషయాలేవీ అందులో రాయకండి. ఆ సంక్రాంతి రాత్రి మమ్మల్ని ఖాళీ చేసినవాడు ఏడాదిన్నర తర్వాత వేరే పేరుతో మళ్ళీ రిక్వెస్ట్ పెట్టాడు, పేరు చూసి మా ఎల్డర్ గుర్తుపట్టలేదు, ప్రొఫైల్ చూసి బాగున్నాడే అన్నాడు కూడా. డల్లాస్‌లో ఉన్నాయన ట్యాగ్‌ని షీట్‌లో వెతికాడు. మూడో వరసలోనే ఉంది.